ప్రోస్టేట్ ఆపరేషన్ కంటే మూత్రం గొట్టం తీశాక వచ్చే నెలలకు సిద్ధపడండి

అమ్మా, మీ నాన్నగారికి 66 ఏళ్ళని, ప్రోస్టేట్ (మూత్రాశయం కింద మగవాళ్ళకుండే గ్రంథి) క్యాన్సర్ అని, ఆ గ్రంథికి చేసే రక్తపరీక్ష పీఎస్ఏ 12 అని, ముక్క తీసి చూసే బయాప్సీలో జబ్బు తీవ్రత చెప్పే గ్లీసన్ అంకె 3+4 వచ్చిందని, రోబోతో ఆ గ్రంథి తీసేస్తామన్నారని రాశారు. ఆపరేషన్ అయ్యాక మనిషి మామూలుగా తిరగగలరా అని అడిగారు. నాకు ఇదే ఆపరేషన్ 2021 నవంబరులో హైదరాబాద్‌లో జరిగింది. అప్పుడు నాకు 64. మాది ఒంగోలు, ఆర్టీసీలో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాను కాబట్టి నా ఒంటి మీద జరిగినదీ, మా డాక్టరుగారిని అడిగి తెలుసుకున్నదీ మాత్రమే చెబుతాను.

నాకు రాత్రిళ్ళు నాలుగుసార్లు లేవాల్సి వచ్చేది. మా ఊళ్ళో చూపిస్తే వయసుకు వచ్చే గ్రంథి వాపేనని ఏడాదిపాటు మాత్రలు వాడించారు, రక్తపరీక్ష రాయలేదు. మా అల్లుడు పట్టుబట్టి పీఎస్ఏ చేయిస్తే 14.6 వచ్చింది. మామూలుగా 4 లోపు ఉండాలంటారు. వాపు తగ్గే మాత్రల్లో డ్యూటాస్టెరైడ్ గానీ ఫినాస్టెరైడ్ గానీ ఉంటే, కొన్ని నెలలు వాడాక పీఎస్ఏ దాదాపు సగానికి తగ్గి కనిపిస్తుంది. మీ నాన్నగారు అలాంటివి వాడి ఉంటే ఆ చీటీలు డాక్టరుకు తప్పకుండా చూపించండి.

ఎంఆర్ఐ, బయాప్సీ, పెట్ స్కాన్ అన్నీ అయ్యాయి. నాకు గ్లీసన్ 4+3, బయటకు పాకలేదన్నారు. బయాప్సీ గాయం మానడానికి ఆరు వారాలు ఆగమన్నారు. క్యాన్సర్ అని తెలిశాక ఆరు వారాలు ఆగడమేమిటని నేను కంగారుపడ్డాను. అప్పుడు మా డాక్టరుగారు బ్రిటన్‌లో ఈ జబ్బు ఉన్న 1,600 మందికి పైగా మగవాళ్ళను పదేళ్ళు గమనించిన సంగతి చెప్పారు. ఆపరేషన్, రేడియేషన్, ఊరికే పరీక్షలతో కనిపెట్టి ఉండటం, ఈ మూడింట్లో ఏ దారిలో వెళ్ళినవాళ్ళయినా ఈ జబ్బుతో పోయింది నూటికి దాదాపు ఒక్కరే. వాళ్ళలో ఎక్కువమందిది నాకంటే తక్కువ తీవ్రతదే అనుకోండి. అయినా రేడియేషన్ డాక్టరును కూడా కలిసి మాట్లాడేంత వ్యవధి ఉందని నాకు అర్థమైంది. మీరూ ఒకసారి కలవండి.

ఆపరేషన్ మూడున్నర గంటలు పట్టింది. బొడ్డు చుట్టూ ఆరు చిన్న గాట్లు. తల కిందికి వంచి చేస్తారు కాబట్టి లేచేసరికి ముఖం ఉబ్బి ఉంది, పొట్టలోకి ఎక్కించిన గ్యాస్ వల్ల రెండు రోజులు భుజాలు లాగాయి. మర్నాడే నడిపించారు, మూడోరోజు ఇంటికి పంపారు. ఆపరేషన్ వరకూ భయపడాల్సింది లేదు.

మూత్రం గొట్టం పది రోజులు ఉంది. ప్యాంటు కుదరదు, పంచెలు తీసి పెట్టుకోండి. బ్యాగులో అప్పుడప్పుడూ ఎర్రగా కనిపిస్తుంది, నీళ్ళు తాగితే తేటపడుతుంది. రక్తం గడ్డలు పడినా, మూత్రం దిగడం ఆగినా మాత్రం వెంటనే ఫోన్ చెయ్యాలి. విరేచనానికి ముక్కకూడదు.

ఇక అసలు సంగతి. పదోరోజు ఆస్పత్రిలో గొట్టం తీశారు. మంచం దిగి నిలబడ్డాను, కాళ్ళ వెంట కారిపోయింది. ఆపలేకపోయాను. తిరుగు ప్రయాణంలో మా ఆవిడ పక్కన కూర్చుని ఒంగోలు దాకా మాట్లాడలేదు నేను. కొన్నాళ్ళు కారుతుందని ముందే ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పి ఉంటే అంత కుంగిపోయేవాణ్ణి కాదు.

కారణం తర్వాత తెలిసింది. మూత్రాన్ని ఆపడానికి మగవాళ్ళకు పైన ఒకటి, కింద ఒకటి రెండు బిగింపు కండరాలు ఉంటాయి. ప్రోస్టేట్ తీసినప్పుడు పైది చాలావరకు దెబ్బతింటుంది. కింది కండరం ఒక్కటే మొత్తం భారం మొయ్యాలి. అది బలపడటానికి నెలలు పడుతుంది.

పాల లెక్క రాసే క్యాలెండర్ మీదే మా ఆవిడ నా ప్యాడ్ల లెక్క రాసింది. మొదటి వారం రోజుకు ఏడు. నెల తిరిగేసరికి నాలుగు. మూడో నెలలో రెండు. ఆరో నెలకు ఒకటి, అదీ భయానికి. రాత్రి తడవడం ముందు ఆగింది, సాయంత్రాలు కండరం అలిసిపోయి ఎక్కువ కారేది. దగ్గినా, బకెట్ ఎత్తినా అంతే. నేను చేసిన తప్పు నీళ్ళు మానెయ్యడం. మంట పుట్టి ఇన్‌ఫెక్షన్ వచ్చి ఇంకా ఎక్కువైంది. నీళ్ళు మానొద్దు, కాఫీ తగ్గించండి.

రెండో తప్పు వ్యాయామంలో. నెల రోజులు పొట్ట బిగించి, ఊపిరి బిగబట్టి చేశాను, ఏ లాభమూ లేదు. ఫిజియోథెరపీ అమ్మాయి చూపించాక తెలిసింది. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ రాకుండా ఆపుకుంటామే, అదిగో ఆ కండరం. పొట్ట, తొడలు కదలకూడదు, ఊపిరి ఆడుతూ ఉండాలి. బిగించి పది లెక్కపెట్టి వదలాలి, అలా పదిసార్లు, రోజుకు మూడు పూటలా. కుర్చీలోంచి లేచే ముందు, దగ్గే ముందు ఒకసారి బిగించాలి. గొట్టం ఉన్న రోజుల్లో చెయ్యకూడదు. ఆపరేషన్‌కు ముందే నేర్చుకుని ఉంటే నాకు మొదటి నెల వృథా అయ్యేది కాదు. మీ నాన్నగారికి ఇంకా సమయం ఉంది, ఈ వారమే నేర్పించండి.

మీరు అడగనిది, కూతురిగా అడగలేనిది ఒకటుంది. అంగస్తంభన నరాలు ప్రోస్టేట్‌కు రెండువైపులా అంటుకుని ఉంటాయి. అమెరికాలో వాల్ష్ అనే డాక్టరు 1982లో వాటిని కాపాడుతూ ఆపరేషన్ చేసే పద్ధతి చూపించాడు. కానీ క్యాన్సర్ ఎక్కడుందన్న దాన్ని బట్టి అందరికీ రెండువైపులా కాపాడటం కుదరదు. నాకు ఒకవైపే దక్కింది. కోలుకోవడానికి ఏడాది పైనే పట్టింది, మునుపటిలా పూర్తిగా రాలేదు. వీర్యం ఇక రాదు. మాత్రలున్నాయి, కానీ గుండెకు నైట్రేట్ మందులు వాడేవాళ్ళు వాటిని వేసుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు మీరంతా గది బయట ఉండి, మీ నాన్నగారూ అమ్మగారూ మాత్రమే డాక్టరుతో పది నిమిషాలు మాట్లాడేలా చూడండి. మా ఇంట్లో పిల్లలందరూ చుట్టూ ఉండటంతో నేను నోరు విప్పలేకపోయాను. ఆ బాధ మా ఆవిడకు చెప్పడానికి నాలుగు నెలలు పట్టింది. చెప్పాక ఆమె, "మీరున్నారు కదా, అంతే చాలు" అంది.

తీసిన గ్రంథి మీద వచ్చే రిపోర్టు జాగ్రత్తగా దాచండి. అంచుల్లో క్యాన్సర్ ఉందా లేదా అన్నది అందులోనే ఉంటుంది. మూడు నెలలకు నా పీఎస్ఏ 0.02 వచ్చింది. 0.1 లోపు ఉంటే మంచిదే, 0.2 దాటి మళ్ళీ పరీక్షలోనూ అలాగే వస్తే రేడియేషన్ సంగతి ఆలోచిస్తారు. మొదటి ఏడాది మూడు నెలలకోసారి చేయించాను, ఇప్పుడు ఆరు నెలలకోసారి. రిపోర్టు వచ్చే ముందురోజు రాత్రి నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

ఈ మధ్య మా మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి తెల్ల పంచె కట్టుకుని వెళ్ళాను, రెండు పూటలా అక్కడే ఉన్నాను. మీ నాన్నగారు మాట్లాడతానంటే ఇక్కడే రాయమనండి, సాయంత్రం ఐదు తర్వాత ఖాళీగా ఉంటాను. అమ్మగారు మా ఆవిడను ఏమన్నా అడగాలన్నా సరే, ఆమె చెబుతుంది.