‘చెప్పకూడదమ్మా’ అంటున్నాడు... డీన్‌కి ఫోన్ చేయనా?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయికి ఈ మధ్యే పద్దెనిమిది నిండాయి. ఇదే రాష్ట్రంలో, ఇంటికి నాలుగు గంటల దూరంలో ఉన్న యూనివర్సిటీలో ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది). సెప్టెంబరులో ఏదో ఫ్రాటర్నిటీలో, అంటే మగపిల్లల సంఘంలో, ‘ప్లెడ్జ్’గా (ఇంకా పూర్తి సభ్యుడు కాని కొత్తవాడిగా) చేరానన్నాడు. అప్పట్నుంచీ మనిషి మారిపోయాడు. అర్ధరాత్రి మెసేజ్ వస్తే లేచి వెళ్లాలట. ఎక్కడికిరా అంటే ‘అది చెప్పకూడదమ్మా’ అంటాడు. వీడియో కాల్‌లో చూస్తే కళ్లు పీక్కుపోయాయి, మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూనే నిద్రలోకి జారుకుంటాడు. రెండుసార్లు డబ్బులు కావాలన్నాడు, ఎందుకో చెప్పలేదు. మావారేమో ‘మేం ఇంజినీరింగ్‌లో ర్యాగింగ్ పడలేదా, కొన్నాళ్లు పోతే అదే సర్దుకుంటుంది’ అంటారు. డీన్‌కి ఫోన్ చేద్దామంటే వాడు నాతో మాట్లాడటమే మానేస్తాడని భయం. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: ముందు ఆ మోచేతుల సంగతి చూద్దామమ్మా. మిగతావన్నీ తర్వాత.

మోచేతులు, కాలివేళ్లు మాత్రమే నేలకు ఆనించి చాలాసేపు అలాగే ఉండమనడం ఇక్కడి హేజింగ్‌లో, అంటే సంఘంలో చేరే కొత్తవాళ్లను హింసపెట్టే ఆనవాయితీలో, పాత శిక్షే. దానికి తోడు లెక్కలేనన్ని పుషప్‌లు, గుంజీలు. రోజూ జిమ్‌కి వెళ్లే కుర్రాడైనా సరే, నిద్రా నీళ్లూ సరిగా లేకుండా అలవాటుకు మించి ఇలా చేస్తే కండరాల్లోని కణాలు పగిలిపోతాయి. వాటిలోంచి మయోగ్లోబిన్ అనే పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తుంది. దీన్ని రాబ్డోమయోలిసిస్ అంటాం. మీ అబ్బాయికి ఇదే ఉందని నేననడం లేదు. మోచేతులు గీరుకోవడానికి వేరే కారణాలూ ఉండొచ్చు. కానీ ఇవాళే ఒక్క మాట అడగండి: మూత్రం ఏ రంగులో వస్తోంది? కోక్ రంగులోనో, టీ డికాక్షన్ రంగులోనో ఉందన్నా, చేతులో తొడలో వాచి ముట్టుకోనివ్వనంత నొప్పిగా ఉన్నాయన్నా అర్జంట్ కేర్‌కి కాదు, నేరుగా ఎమర్జెన్సీకే వెళ్లమనండి. అక్కడ రక్తంలో సీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేది), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం చూస్తారు. తొందరగా వెళ్తే చాలామందికి సెలైన్‌తోనే తగ్గిపోతుంది. ఆలస్యమైతే డయాలసిస్ దాకా పోవచ్చు.

‘మందు కాదులే, నీళ్లే తాగిస్తారు’ అని వాడెప్పుడైనా అంటే దాన్నీ తేలిగ్గా తీసుకోకండి. కాలిఫోర్నియాలోని చికోలో 2005 ఫిబ్రవరిలో మాథ్యూ కారింగ్టన్ అనే 21 ఏళ్ల విద్యార్థి చల్లటి బేస్‌మెంట్‌లో వ్యాయామాలు చేస్తూ బలవంతంగా నీళ్లు తాగాల్సి వచ్చి చనిపోయాడు. ఒక్కసారిగా అన్ని నీళ్లు తాగితే రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాస్తుంది.

ఇక మీవారి మాట. ర్యాగింగ్ తెలిసినవాళ్లకు ఇదీ అదే అనిపించడం సహజం. కానీ నా దృష్టిలో రెంటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన కాలేజీల్లో ర్యాగింగ్ అడక్కుండానే వచ్చి మీద పడేది. జూనియర్లంతా కలిసి సీనియర్లను తిట్టుకునేవాళ్లు, హాస్టల్ మొత్తానికీ తెలిసేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే దానిమీద చట్టం కూడా వచ్చింది. ఇక్కడ మీ అబ్బాయి తనంతట తాను వెళ్లి చేరాడు, కావాలంటే రేపే బయటికి రావచ్చు. వాడి నోరు కట్టేస్తున్నది సరిగ్గా అదే. ‘నేనే ఒప్పుకున్నాను కదా, ఎవరికని చెప్పుకోను’ అనుకుంటాడు. ఇన్ని వారాలు పడ్డాక ఇప్పుడు వదిలేస్తే పడ్డదంతా వృథా అనుకుంటాడు. తనతోపాటు చేరిన కుర్రాళ్లను మధ్యలో వదిలేసినట్టవుతుందని బాధపడతాడు. ఒప్పుకున్నాడు కాబట్టి తప్పు లేదు అనే వాదన టెక్సస్ చట్టం ముందు నిలవదు. బాధితుడు సమ్మతించినా హేజింగ్ నేరమే. ఆ మాట వాడికి తెలియడం మంచిది.

అమెరికాలో 53 కాలేజీల్లో పదకొండు వేలమందికి పైగా విద్యార్థులను అడిగి 2008లో ఒక పెద్ద అధ్యయనం వెలువరించారు. క్లబ్బుల్లో, టీముల్లో, ఫ్రాటర్నిటీల్లో ఉన్నవాళ్లలో 55 శాతం మంది ఏదో ఒక రకం హేజింగ్ చూశారు. తమకు జరిగింది హేజింగేనని గుర్తించినవాళ్లలోనూ నూటికి 95 మంది కాలేజీకి చెప్పలేదు. కాబట్టి మీ వాడు చెప్పకపోవడం మీ పెంపకంలో లోపం కాదు.

ఒక మాట న్యాయంగా చెప్పాలి. అన్ని ఫ్రాటర్నిటీలూ ఒకటి కావు. వాటిలో చేరి మంచి స్నేహితులను, ఉద్యోగానికి పనికొచ్చే పరిచయాలను సంపాదించుకున్న పిల్లలు బోలెడంతమంది. సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ లాంటి పెద్ద సంస్థ 2014లో ప్లెడ్జింగ్ పద్ధతినే ఎత్తేసింది. వాళ్ల ప్రమాణాలు, గుర్తులు, చేయి కలిపే తీరు రహస్యంగా ఉంచుకుంటే మనకొచ్చిన నష్టం లేదు, ఉంచుకోనివ్వండి. దెబ్బ తగిలినా, స్పృహ తప్పినా బయటికి పొక్కకూడదనే రహస్యం వేరు. ప్రాణం తీసేది అది.

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్‌లో తిమోతీ పియాజా అనే 19 ఏళ్ల కుర్రాడికి కొత్త సభ్యులను చేర్చుకునే రాత్రి గబగబా మందు పట్టించారు. మెట్ల మీంచి పడి తలకు దెబ్బ తగిలింది, కడుపులో ప్లీహం చిట్లింది. సోఫాలో పడుకోబెట్టారు, వెల్లకిలా తిరగకుండా వీపుకి బరువైన బ్యాగు తగిలించారు. ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ వెళ్లేసరికి దాదాపు పన్నెండు గంటలు గడిచాయి. అదే ఏడాది సెప్టెంబరులో లూసియానా స్టేట్ యూనివర్సిటీలో మాక్స్ గ్రూవర్ చనిపోయినప్పుడు అతని రక్తంలో ఆల్కహాల్ 0.495 శాతం. డ్రైవింగ్‌కి చట్టం ఒప్పుకునే హద్దు 0.08. ఇద్దరి పేర్ల మీదా ఆయా రాష్ట్రాల్లో చట్టాలొచ్చాయి.

‘మా వాడు చేరింది మన ఇండియన్ పిల్లలదే, ఏషియన్ పిల్లలదే’ అని ధైర్యంగా ఉండే తల్లిదండ్రులు కూడా ఉంటారు. మీరు ఏ ఫ్రాటర్నిటీనో రాయలేదు కాబట్టి చెబుతున్నాను. 2013 డిసెంబరులో న్యూయార్క్ బరూక్ కాలేజీ ఫ్రెష్‌మన్ చున్ మైకేల్ డెంగ్‌ను తీసుకెళ్లింది ఆసియా అమెరికన్ల ఫ్రాటర్నిటీయే. పెన్సిల్వేనియా కొండల్లో అద్దె ఇల్లు, కళ్లకు గంతలు, వీపున ఇసుక నింపిన సంచి, చీకట్లో నడుస్తుంటే మీదపడి తోసేయడం. స్పృహ తప్పాక వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లకుండా బట్టలు మార్చారు, ఇంటర్నెట్‌లో లక్షణాలు వెతికారు. ఆ కేసులో కోర్టు ఫ్రాటర్నిటీ సంస్థనే దోషిగా తేల్చి, పదేళ్లపాటు ఆ రాష్ట్రంలో ఉండకూడదంది.

దెబ్బో మందో వల్ల మాత్రమే కాదు, ఫోన్ చేయడానికి వెనకాడినందువల్ల పోయిన ప్రాణాలివి. 21 నిండకుండా మందు తాగడం చట్టవిరుద్ధం, పోలీసులొస్తే అందరూ ఇరుక్కుంటారనే భయంతో ‘పడుకుంటే దిగిపోతుందిలే’ అంటారు. దిగదు. ఆఖరి గుక్క తాగాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. 750 మిల్లీలీటర్ల విస్కీ సీసాలో దాదాపు 17 డ్రింకులు ఉంటాయి. మన లివర్ గంటకు సుమారు ఒక్క డ్రింకును మాత్రమే వదిలించుకోగలదు. కాఫీ, చన్నీళ్ల స్నానం దాని వేగాన్ని పెంచలేవు.

అందుకని మీ వాడికి ఇవి తెలియాలి. గట్టిగా గిల్లినా లేవకపోవడం, నిమిషానికి ఎనిమిదిసార్ల కంటే తక్కువ ఊపిరి, రెండు ఊపిర్ల మధ్య పది సెకన్లు దాటడం, పెదాలు నీలంగా మారడం, ఒళ్లు చల్లబడటం, ఫిట్స్, మత్తులోనే వాంతులు. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా 911. అన్నీ కనిపించేదాకా ఆగకూడదు. అంబులెన్స్ వచ్చేదాకా పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టి, దగ్గరే కూర్చోవాలి. తలకు దెబ్బ తగిలి ఉంటే ‘మత్తే కదా’ అనుకోవడం మరీ ప్రమాదం, ఎందుకంటే మెదడులో రక్తస్రావం కూడా అచ్చం తాగిన మనిషిలాగే కనిపిస్తుంది. టెక్సస్‌లో 21 నిండనివాళ్లు తాగి ఉన్నా, ప్రాణాపాయంలో ఉన్న మనిషి కోసం ముందుగా ఫోన్ చేసి, అక్కడే ఉండి, వచ్చినవాళ్లకు సహకరిస్తే తాగినందుకు కేసు పెట్టరు.

ఇదంతా ‘నువ్వు తాగుతున్నావా’ అన్నట్టు కాకుండా, ‘నీ పక్కవాడు పడిపోతే నీకు తెలిసుండాలి నాన్నా’ అని చెప్పండి. తనకేమైనా అవుతుందంటే పద్దెనిమిదేళ్లవాడు నమ్మడు. స్నేహితుడికి అవుతుందంటే వింటాడు.

ఇక వాడితో మాటలెలా అంటారా? ‘అక్కడేం చేయిస్తున్నారు’ అని అడగడం మానేయండి. ఆ ప్రశ్నకు అబద్ధమే వస్తుంది, ఒక అబద్ధం చెప్పాక తర్వాతి ఫోన్ ఎత్తడానికే మొహమాటపడతాడు. ఒంటి గురించి అడగండి. నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు? ఏం తిన్నావు? దెబ్బలేమైనా తగిలాయా? తల తిరుగుతోందా? ఇవి ఏ అమ్మయినా అడిగేవే, వాడి ప్రమాణానికి అడ్డం రావు. ఈ వారాంతం, వస్తున్నామని ముందే చెప్పి, కారేసుకుని వెళ్లిరండి. వాడికిష్టమైనదేదో వండి తీసుకెళ్లండి. ఎదురుగా కూర్చుని తింటుంటే మనిషి నడక, చేతుల మీద గాట్లు, బరువు, చూపు అన్నీ మీకే తెలుస్తాయి. డబ్బు విషయంలో గొడవొద్దు. ఫ్రాటర్నిటీ ఫీజైతే రాతపూర్వకంగా బిల్లు ఉంటుంది, అది చూపిస్తే కడతాననండి. తిండికైతే మీల్ ప్లాన్ పెంచండి. పోగేసి తెమ్మన్న మందు సీసాలకు మీ డబ్బు పోకూడదు.

మీవారికి నా మనవి ఒకటి. ఆ ఇంజినీరింగ్ కబుర్లు కొన్నాళ్లు వాడి ముందు వద్దు. ‘మేం పడ్డాం, ఏమైంది’ అని నాన్న నవ్వుతూ చెబుతుంటే, తను పడలేకపోతున్నానని కొడుకు ఏ నోటితో చెబుతాడు? ఆ రోజుల్లో ఆయనకి భయమేసిన రాత్రి ఒకటుండే ఉంటుంది, అది చెప్పమనండి.

బయటికి రావడానికి వాడికో సాకు కూడా ఇవ్వండి. కుర్రాళ్ల మధ్య ‘నాకు భయంగా ఉంది’ అనడం కష్టం, ‘మా అమ్మ చంపేస్తుంది’ అనడం తేలిక. ‘అమ్మమ్మకి ఎలా ఉంది?’ అని మెసేజ్ పెడితే చాలు, వెంటనే ఫోన్ చేసి ఇంటికి రమ్మని గట్టిగా కేకలేస్తానని మాటివ్వండి. కారణం ఆ రాత్రి అడగనని కూడా చెప్పండి, అడగకండి.

నిద్ర లేకపోవడాన్ని చిన్న విషయంగా చూడకండి. వారాల తరబడి సరైన నిద్ర లేకపోతే మనసు కుంగుతుంది, తెలివైన పిల్లలు కూడా తెలివితక్కువ నిర్ణయాలు తీసుకుంటారు. ఆ కళ్లతో కారు నడపడం తాగి నడపడం కంటే మేలేమీ కాదు. ‘నేనుండి ఏం లాభం’ లాంటి మాట ఒక్కటి వినిపించినా ఆత్మహత్య ఆలోచనల్లో సాయం చేసే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయండి, వాణ్ని ఒంటరిగా వదలకండి. ఆస్తమాకో, మూర్ఛకో, షుగరుకో మందులు వాడుతుంటే ఆ రాత్రుల్లో అవి మానేస్తున్నాడేమో కూడా కనుక్కోండి.

డీన్‌కి ఫోన్ చేయాలా? మూత్రం నల్లగా రావడం, స్పృహ తప్పడం, తలకు దెబ్బ, చచ్చిపోవాలనే మాట, ఆసుపత్రికి వెళ్లనివ్వకపోవడం... వీటిలో ఏదున్నా వాడి అనుమతి కోసం ఆగకండి. ముందు వైద్యం, వెంటనే డీన్ ఆఫీసు. వాడు కొన్ని నెలలు అలగొచ్చు, అలగనివ్వండి. ఇవేవీ లేకపోతే మాత్రం ముందు వాడికి చెప్పి, వీలైతే వాడి చేతే చేయించండి. తల్లి వెనకాల ఫోన్ చేసిందని తెలిస్తే వాడు తలుపు మూసేసుకుంటాడన్న మీ భయం నిజమే. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేసే హెల్ప్‌లైన్ ఒకటుంది, 1-888-668-4293. ఈలోగా యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో హేజింగ్ రిపోర్టు చూడండి. తమ క్యాంపస్‌లో హేజింగ్ చేసిన సంస్థల వివరాలు బయటపెట్టాలని టెక్సస్‌లో 2019లోనే చట్టం వచ్చింది. దేశమంతటికీ వర్తించే చట్టం మీద 2024 డిసెంబరులో సంతకం అయింది. మీ వాడు చేరిన ఫ్రాటర్నిటీ పేరు ఆ జాబితాలో ఉంటే వాడి ముందు పెట్టండి. మీ భయం కంటే ఆ కాగితం మాటకే విలువెక్కువ.

కాలేజీవాళ్లు మీకేమీ చెప్పకపోతే కోపం తెచ్చుకోకండి. పద్దెనిమిది నిండిన విద్యార్థి వివరాలు ఇవ్వడానికి ఫెర్పా చట్టం అడ్డొస్తుంది. అయినా మీరు చెప్పేది వినడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. ఆసుపత్రిలోనూ అంతే, అందుకని వాడి వైద్య వివరాలు మీకు చెప్పడానికి అనుమతిచ్చే హిపా పత్రం మీద, తను చెప్పలేని స్థితిలో ఉంటే వైద్య నిర్ణయాలు మీరు తీసుకోవడానికి వీలిచ్చే మెడికల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద ఈ వారాంతమే వాడితో సంతకం చేయించుకోండి. పిల్లల్ని కాలేజీకి పంపే ప్రతి ఇంట్లోనూ ఇది చేసుకోవాల్సిందే, వాడిని అనుమానించినట్టు కాదు. ఇంకొకటి చాలామందికి తట్టదు: మీరు ఫ్రిస్కోలో కూర్చుని 911 కొడితే కాల్ వెళ్లేది మీ ఊరివాళ్లకే, వాడి ఊరికి కాదు. ఆ క్యాంపస్ పోలీసుల పది అంకెల నంబరు, వాడి డార్మ్ పేరు, రూమ్ నంబరు, రూమ్మేట్ నంబరు మీ ఇద్దరి ఫోన్లలోనూ ఇవాళే ఎక్కించుకోండి.