నవంబరు 1 బాదం మిఠాయి: గుడ్డు ఉంటుందా?

సందేహం: మేము బార్సిలోనా వచ్చి మూడు నెలలైంది. పక్కింటి పెద్దావిడ అక్టోబరు నెలాఖరున ఒక చిన్న అట్టపెట్టెలో మిఠాయిలు తెచ్చి ఇచ్చారు. మేం గుడ్డు తినం. ఇవి తినవచ్చా? బదులుగా ఏమివ్వాలి?

జవాబు: చెల్లెమ్మా, ఒంటినిండా పైన్ గింజలు అంటించుకుని, చిన్న నిమ్మకాయంత ఉండలుగా, పైన లేత గోధుమరంగు తిరిగి ఉన్నాయా? అయితే అవి పనెల్యెట్స్. అక్టోబరు 31 రాత్రి మీ బార్సిలోనా ఉన్న కాతలోనియా ప్రాంతపు ఇళ్లలో కాల్చిన చెస్ట్‌నట్లు, కాల్చిన చిలగడదుంపలతో కలిపి తినే మిఠాయి. ఆ రాత్రికి కస్తన్యాదా అని పేరు. మరునాడు సర్వ పునీతుల పండుగ, స్పెయిన్ దేశమంతటా సెలవు. చాలామంది కుటుంబాలతో శ్మశానానికి వెళ్లి సమాధులు కడిగి పూలు పెట్టి వస్తారు. మన ఊళ్లలో క్యాథలిక్కులు సమాధుల పండుగ నాడు కొవ్వొత్తులు వెలిగించడం చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

పనెల్యెట్స్ పిండి బాదంపొడి, చక్కెర, కాస్త ఉడికించిన బంగాళదుంప. రుచి మన బాదం బర్ఫీకి దగ్గర బంధువే. అయితే పైన్ గింజలు అంటుకోవడానికి తెల్లసొన, రంగు రావడానికి పచ్చసొన పూస్తారు. కొందరు పిండిలోనూ గుడ్డు కలుపుతారు. కాబట్టి దుకాణంలో కొన్నవాటిలో గుడ్డు ఉందనే అనుకోండి. మాద్రిద్ వైపు ఇదే రోజుల్లో అమ్మే ‘వెసోస్ దె సాంతో’ అయితే మరీను. ఆ పేరుకు అర్థం సాధువు ఎముకలు. తెల్లటి బాదం ముద్దను పల్చగా వత్తి, గొట్టంలా చుట్టి, లోపల మూలగలా పచ్చసొన పాకం నింపుతారు. పేరు విని భయపడకండి, అందులో మాంసం లేదు. కానీ గుడ్డు తినని ఇంటికి అది పనికిరాదు.

దుకాణంలో ‘యేవా వేవో?’ అని అడగండి. గుడ్డు ఉందా అని అర్థం. పెట్టెల మీద గుడ్డు పేరు సాధారణంగా ముద్దక్షరాల్లో ఉంటుంది, అలర్జీ కలిగించే పదార్థాలు మిగతావాటి నుంచి విడిగా కనబడేలా అచ్చువేయాలన్నది ఐరోపా నియమం. అసలు జాగ్రత్త ఇక్కడే అవసరం. పంది కొవ్వు అలర్జీ జాబితాలో లేదు. అందుకే ‘మంతేకా దె సెర్దో’ అన్న మాట మామూలు అక్షరాల్లోనే ఉంటుంది. క్రిస్మస్ నాటి పొల్వొరోన్లు, మంతెకాదోలు అనే మిఠాయిలు చాలావరకు దానితోనే చేస్తారు. ముద్దక్షరాలు చూసి సరిపెట్టుకోకండి, పదార్థాల జాబితా మొత్తం చదవండి.

ఇక బదులివ్వడం. వచ్చిన గిన్నెను ఖాళీగా పంపని ఇంట్లో పుట్టినవాళ్లం కదా, మీకు ఆ తపన ఉండడం నాకు ఎంతో నచ్చింది. గుడ్డు లేకుండా వాళ్ల మిఠాయే చేసి ఇవ్వండి. పావు కిలో బాదంపొడికి రెండు వందల గ్రాముల చక్కెర, వంద గ్రాముల బంగాళదుంప, ఒక నిమ్మకాయ పైతొక్క తురుము. దుంపను తొక్కతోనే ఉడికించండి, ఒలిచి ఉడికిస్తే నీరు పీలుస్తుంది. పూర్తిగా చల్లారాకే మెదపాలి. చేతి కింద పిండి మొదట పొడిపొడిగా, ఇసుకలా తగులుతుంది. నీళ్లు పోయాలని చేయి లాగుతుంది. పోయకండి. చక్కెర కరిగేకొద్దీ తడి అదే వస్తుంది. ముద్ద కట్టగానే ఆపేయాలి, ఎక్కువ పిసికితే జారిపోతుంది. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం ఉండలు చుట్టి, తేనె కలిపిన పాలతో తడిపి గింజలు అద్దండి. గింజలు బాదంకంటే ఎన్నో రెట్లు ఖరీదు, పైగా తెల్లసొన లేకపోతే కొంత రాలతాయి. నేనైతే సగం ఉండల్లో ఎండుకొబ్బరి కలిపేస్తాను. అదీ ఇక్కడి పాత పద్ధతే, మన నోటికి ఇంకా బాగుంటుంది. ఓవెన్‌లో 220 డిగ్రీల మీద ఎనిమిది, పది నిమిషాలు చాలు. పైపొర రంగు తిరగాలి, లోపల మెత్తగా పచ్చిదనం మిగలాలి. దుంప ఉంది కనుక మూడు నాలుగు రోజుల్లో తినేయాలి.

పూలు పట్టుకెళ్లాలనుకుంటే చామంతులు మాత్రం వద్దు. వచ్చిన మొదటి ఏడాది పసుపు చామంతులు ఎంతో ప్రేమగా ఏరి, నవంబరు మొదటివారంలో ఒక ఇంటికి తీసుకెళ్లాను. తలుపు తీసిన ఆవిడ ముఖం మారిపోయింది. భర్త పోయి అప్పటికి ఆరు నెలలే. గడప మీద పూలు పట్టుకుని నిలబడిన ఆ నిమిషం నాకు ఇంకా గుర్తే. మనకు దేవుడి గదిలో పూవు, ఇక్కడ సమాధి మీద పూవు.

శుభాకాంక్షల విషయంలోనూ అంతే. 31 సాయంత్రం ‘బోనా కస్తన్యాదా’ అనండి, సంతోషిస్తారు. మరునాడు శ్మశానం నుంచి వస్తున్నవాళ్లు మెట్ల మీద ఎదురైతే పండుగ శుభాకాంక్షలు చెప్పకండి. ఎవరిని చూసి వస్తున్నారో అడగండి. మీ పక్కింటి పెద్దావిడ ఆ మాట కోసమే ఎదురుచూస్తూ ఉండవచ్చు, కూర్చోబెట్టి పోయినవాళ్ల ఫొటోలు తెచ్చి చూపిస్తారు. గుడ్డు సంగతి ఆ రోజు ఎత్తకండి, ఇచ్చిన పెట్టె తీసుకుని పిల్లల స్నేహితులకు పంచండి. వారం తర్వాత మీ ఉండలు పట్టుకెళ్లినప్పుడు, ‘సిన్ వేవో’, అంటే గుడ్డు లేకుండా చేశాను అని చెప్పండి. వచ్చే అక్టోబరుకు ఆవిడే మీకోసం విడిగా చేసిపెడతారు. నాకు అలాగే జరిగింది.