నాకే సరిగా రాదు, ఇంకొకరికేం చెప్పను?

ప్రశ్న: నలుగురి ముందు మాట్లాడటం నేర్చుకుందామని టోస్ట్‌మాస్టర్స్ క్లబ్బులో చేరితే, వచ్చే వారం వేరొకరి ప్రసంగాన్ని సమీక్షించమన్నారు. టెన్షన్‌గా ఉంది. తప్పించుకోనా?

జవాబు: వద్దు, ఒప్పుకోండి. క్లబ్బులో నాకు అన్నిటికన్నా నచ్చే పని అదే. ప్రసంగం మామూలుగా 5 నుంచి 7 నిమిషాలు, మీ సమీక్ష 2 నుంచి 3 నిమిషాలే. అన్నీ చెప్పాలని చూడకండి. తలొంచుకుని రాసుకుంటూ కూర్చుంటే మాట్లాడే మనిషిని చూడలేరు. ఎక్కడ గొంతు తగ్గింది, ఏ మాటకు జనం తలెత్తారు, ఎక్కడ మీ ధ్యాస పక్కకు పోయింది, అంతే పట్టుకోండి. 'చాలా బాగుంది' అంటే ఆయనకు ఒరిగేదేమీ లేదు. 'రెండో ఉదాహరణ నాకు అందలేదు, దానికి ముందు ఒక్క క్షణం ఆగి ఉంటే అందేది' అనండి. తీర్పు చెప్పడం లేదు కదా, మీకెలా వినిపించిందో చెబుతున్నారు. మాటల మధ్య దొర్లే 'అ...', 'అంటే...'లు లెక్కపెట్టడానికి వేరే మనిషి ఉంటారు. (ఆ లెక్క చదివేటప్పుడు నవ్వులే నవ్వులు!)