గోడకు రాగి సరే, కప్పుకు అద్దమెందుకు?

ప్రశ్న: మేడమ్, హాల్లో టీవీ గోడ మొత్తానికి రాగి రేకు, సీలింగ్‌కి అద్దంలా మెరిసే స్టీలు వేయించాలని మావారి పట్టుదల. హాలు ఎత్తు తొమ్మిది అడుగులే. ఇల్లు కాస్తా ఫ్యాక్టరీ అయిపోతుందేమోనని నా టెన్షన్. పైగా రాగి పచ్చబడుతుందట కదా?

జవాబు: రాగికి నా ఓటు. కప్పుకు అద్దం స్టీలు మాత్రం వద్దు, నేనే వద్దన్నానని మీవారితో చెప్పండి. హాలు ఎత్తుగా కనిపిస్తుందన్నది నిజమే. దాంతోపాటు ప్రతి బల్బూ, సోఫా మీద పడేసిన తువ్వాలూ తలకిందులుగా కనిపిస్తాయి. కింద టైల్స్, పైన స్టీలు ఉంటే నలుగురు మాట్లాడినా గోలగోలగా ఉంటుంది. లోహమే కావాలంటే సన్నటి చిల్లులున్న మ్యాట్ అల్యూమినియం పలకలు వేయించి, వెనకాల రాక్‌వూల్, అంటే రాతి నారతో చేసిన దూదిలాంటి పరుపు, పరిపించండి. శబ్దం అందులో అణిగిపోతుంది. బరువూ తక్కువే. మిల్లీమీటరు మందం అల్యూమినియం చదరపు మీటరుకు 2.7 కిలోలు తూగితే, స్టీలు దాదాపు 8 కిలోలు. అందులో లైట్లు పెట్టిస్తే ఎర్తింగ్ తప్పనిసరి.

రేకు కప్పంటే ఫ్యాక్టరీయే కానక్కర్లేదు లెండి. 1880ల తర్వాత కొన్ని దశాబ్దాలపాటు అమెరికాలో పువ్వులు, లతలు అచ్చొత్తిన రేకులను సీలింగ్‌కి బిగించి తెల్లరంగు వేసేవారు. ఖరీదైన ప్లాస్టర్ నగిషీకి అది చవక మార్గం.

ఇక రాగి సంగతి. ఆ ఆకుపచ్చ చిలుము ఏళ్ల తరబడి వానకు తడిసిన రాగికి పట్టేది. ఇంట్లో అయితే మెరుపు తగ్గి మెల్లగా గోధుమరంగుకు తిరుగుతుంది. నాకైతే అదే ఇష్టం. వేలిముద్రలు మాత్రం పట్టిస్తాయి. స్విచ్‌బోర్డు చుట్టూ చేతి చెమట తగిలినచోటల్లా నల్లటి మచ్చలు తేలతాయి. అది చూడలేననుకుంటే లాకర్ కోటింగ్, అంటే వార్నిష్ లాంటి పారదర్శకమైన పూత, ఉన్న రేకు తీసుకోండి. టీవీ వెనక గోడ కాబట్టి మెరుపు లేని ఫినిషే మేలు, లేదంటే లైట్లన్నీ అందులో కనిపించి కళ్లకు గుచ్చుకుంటాయి.

నేను చూసినంతలో పని చెడేది ఎక్కువగా రేకు వెనకాలే. పల్చటి రేకును నేరుగా గోడకు అంటిస్తే సిమెంటులో ఉన్న ప్రతి ఎగుడుదిగుడూ పక్కనుంచి వెలుతురు పడగానే బయటపడుతుంది. ముందు గోడలో చెమ్మ లేదని చూసుకుని, ప్లైవుడ్ బిగించి, దాని మీద రేకు వేయించండి. స్క్రూలు ఇత్తడివో రాగివో వాడమనండి. మామూలు ఇనప స్క్రూలు రాగి పక్కన ఇంకా తొందరగా తుప్పుపడతాయి. రేకుల మధ్య కాస్త సందు ఉంచాలి. మూడు మీటర్ల రాగి రేకు 20 డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరు సాగుతుంది. చోటు లేకపోతే మధ్యలో ఉబ్బుతుంది. వైఫై రూటర్‌ని ఆ రేకు వెనక దాచకండి, సిగ్నల్ రాదు.

ప్రశ్న: స్టవ్ వెనక గోడకు స్టీలు బదులు ఏసీపీ షీటు చాలంటున్నాడు కార్పెంటరు. వేయించవచ్చా?

జవాబు: వద్దు. పైకి లోహంలా కనిపించినా ఏసీపీ అంటే రెండు పల్చటి అల్యూమినియం పొరల మధ్య, చాలా రకాల్లో, ప్లాస్టిక్కే. 2017లో లండన్ గ్రెన్‌ఫెల్ టవర్‌లో మంటలు అంత వేగంగా పాకడానికి బయటి గోడలకు వేసిన ఇలాంటి షీట్లే ముఖ్య కారణం. స్టవ్ దగ్గర 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలే వేయించండి, సన్నటి గీతలున్న బ్రష్డ్ ఫినిష్‌లో. తుడిచేటప్పుడు ఆ గీతల వెంబడే తుడవాలి, ఇనప పీచు తగలనివ్వకూడదు.