అల్లుడి కిల్టుకు ఏ ఊరి గళ్లు?

చి.ల.సౌ. వసంతకు, మామయ్య ఆశీస్సులు.

అల్లుడి పూర్వీకులు స్కాట్లాండ్ నుంచి కెనడా వచ్చినవాళ్లు కాబట్టి ఆయనకు కిల్టు (అక్కడి మగవాళ్లు నడుముకు కట్టుకునే కుచ్చిళ్ల బట్ట) కుట్టించాలని ఉందనీ, దానికి ఏ టార్టన్ (గళ్ల నేత నమూనా) ఎంచుకోవాలో తోచడం లేదనీ రాశావు. దుకాణంలో ఇంటిపేరు చెబితే ఒక పట్టిక చూసి "మీది ఫలానా క్లాన్ (ఒక దొర కింది వంశం)" అని బట్ట చూపిస్తారు. ఆ పట్టికను నమ్ముకోవద్దు. స్మిత్ అంటే కమ్మరి, మిల్లర్ అంటే పిండిమర నడిపేవాడు, టేలర్ అంటే దర్జీ. ఈ పేర్లు స్కాట్లాండ్ అంతటా ఉన్నాయి, ఏ క్లాన్‌నూ పట్టి చెప్పవు. క్లాన్ పేరే ఉన్నా రక్తసంబంధం ఉందని చెప్పలేం, ఎందుకంటే దొర భూమి సాగు చేసుకునేవాళ్లు దొర పేరే పెట్టుకోవడం అక్కడ మామూలు. మనకు ఎన్నో ఇంటిపేర్లు ఊరి పేర్లే కనుక, పేరు వినగానే మూలం ఏ ఊరో తెలుస్తుంది. అక్కడ చాలామందికి ఆ వీలు లేదు. ఊరు కాగితాల్లో వెతకాలి. వెతికితే దొరుకుతుంది, దొరికాక అది ఊహ కాదు. అందుకే క్లాన్ టార్టన్ కన్నా ప్రాంతపు టార్టన్ తీసుకోమని చెబుతున్నాను.

ప్రాంతపు టార్టన్ అంటే క్లాన్ లేనివాళ్లకు మిగిలిన రెండోరకం బట్ట అనుకోకు. ఒంటిమీది ప్లైడ్ (చుట్టుకునే గళ్ల దుప్పటి) చూసి మనిషి ఏ చోటివాడో పోల్చవచ్చని మార్టిన్ మార్టిన్ అనే రచయిత 1703లోనే స్కాట్లాండ్ పశ్చిమ దీవుల గురించి రాశాడు. బానక్‌బర్న్‌లోని విల్సన్ నేతశాల వాళ్ల 1819 నమూనా పుస్తకంలోనూ ఊళ్ల పేర్లు కనిపిస్తాయి. ఇంటిపేరుకో టార్టన్ అనే మోజు బాగా ముదిరింది 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి ఎడిన్‌బరో వచ్చి వెళ్లిన తర్వాతే. అలాగని ప్రాంతపు టార్టన్లన్నీ పాతవని చెప్పను. పేస్లీ ఊరి టార్టన్ 1952లో, ఎడిన్‌బరోది 1970లో తయారయ్యాయి. బట్ట కొత్తదైనా ఊరితో బంధం నిజమైతే చాలు. "వెయ్యేళ్లనాటి నేత" అని అమ్మేవాడి మాట మాత్రం చెవిన పెట్టుకోకు.

ముందు వలస వచ్చిన మనిషి ఎవరో తేల్చుకో. కెనడా జనాభా లెక్కల్లో పుట్టిన చోటు దగ్గర సాధారణంగా "స్కాట్లాండ్" అనే ఉంటుంది, ఊరు ఉండదు. ఊరి పేరు కోసం సమాధి రాళ్లు, చర్చి రిజిస్టర్లు, కుటుంబ బైబిల్ మొదటి పేజీలు, పాత పత్రికల్లోని మరణవార్తలు చూడాలి. పేరు చేతికొచ్చాక స్కాట్లాండ్స్ పీపుల్ వెబ్‌సైట్‌కి వెళ్లు, అది అక్కడి ప్రభుత్వ రికార్డుల శాఖదే. జనన మరణ వివాహాల ప్రభుత్వ నమోదు 1855 జనవరి 1న మొదలైంది, అంతకు ముందువి చర్చి రిజిస్టర్లలో వెతకాలి. 1855 తర్వాతి పెళ్లి కాగితంలో వధూవరులిద్దరి తల్లిదండ్రుల పేర్లూ, తల్లుల పుట్టింటి పేర్లతో సహా ఉంటాయి. స్కాట్లాండ్ జనాభా లెక్కల్లో 1841 దానితో సరిపెట్టుకోవద్దు. అదే కౌంటీలో (మన జిల్లా లాంటిది) పుట్టారా లేదా అన్నదే అందులో ఉంటుంది, పెద్దల వయసు కూడా ఐదేళ్ల లెక్కకు తగ్గించి రాశారు. పుట్టిన పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి) పేరు 1851 నుంచి రాశారు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కాగితంలో "కిర్క్‌మైకేల్" అని చూడగానే మ్యాపులో మొదట కనబడిన దాన్ని పట్టుకుంటారు. ఆ పేరుతో ఏర్‌షైర్‌లో, పెర్త్‌షైర్‌లో, బాన్ఫ్‌షైర్‌లో, డంఫ్రీస్‌షైర్‌లో వేర్వేరు పారిష్‌లు ఉన్నాయి. పారిష్ పక్కన కౌంటీ కూడా చూసి గానీ నిర్ణయానికి రావద్దు. కౌంటీ కూడా ఆ కాలందే కావాలి, ఎందుకంటే 1975లోనూ 1996లోనూ పాలనా హద్దులు మారిపోయాయి. ఇంకొకటి, గ్లాస్గోలో పుట్టారని ఉంటే అక్కడితో ఆగకు. 19వ శతాబ్దంలో మిల్లు పనులకు ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కొండ ప్రాంతం నుంచీ ఐర్లాండ్ నుంచీ జనం గ్లాస్గో, పేస్లీ చేరారు. ఇంకో తరం వెనక్కి వెళ్లి చూడు. ఐర్లాండ్ అని తేలితే బలవంతంగా స్కాట్లాండ్ గళ్లు తగిలించవద్దు, ఐరిష్ కౌంటీలకూ టార్టన్లు ఉన్నాయి.

పారిష్ తేలాక స్కాటిష్ రిజిస్టర్ ఆఫ్ టార్టన్స్‌లో వెతుకు. 2008 చట్టంతో ఏర్పడింది, ఉచితంగా చూడవచ్చు. ప్రతి నమూనాకూ వర్గం రాసి ఉంటుంది. "డిస్ట్రిక్ట్" అని ఉందో లేదో చూడు, ఎందుకంటే లెనాక్స్ లాంటివి ప్రాంతం పేర్లూ, ఇంటిపేర్లూ కూడా. వాడకంపై ఆంక్షలేమైనా ఉంటే అవీ చదువు. బాల్మోరల్ టార్టన్ రాజకుటుంబానిది, దాని జోలికి పోవద్దు. ఆ పారిష్‌కు విడిగా టార్టన్ లేకపోతే దాన్ని కలుపుకున్న పెద్ద ప్రాంతానిది తీసుకో. అటు గాలోవే, ఇటు యాంగస్ అని రెండు వైపులా తేలితే ఎక్కువ తరాలు ఎక్కడ బతికారో ఆ ప్రాంతం కిల్టుకు, రెండోది పిల్లల స్కార్ఫులకు పెట్టుకోండి.

బట్ట సంగతికి వద్దాం. టార్టన్‌లో సాధారణంగా పడుగులో ఏ రంగుల వరస ఉంటుందో పేకలోనూ అదే ఉంటుంది. ఎరుపు పడుగు మీద ఎరుపు పేక పడితే నిండు ఎరుపు, పచ్చ పేక పడితే రెండూ కలిసిన మరో రంగు. అలా నాలుగు రంగుల పోగులు పది రంగులై కనిపిస్తాయి. వరస ఒక చారదాకా వెళ్లి, అద్దంలో చూసినట్టు వెనక్కి తిరుగుతుంది. అందుకని గోరంత ముక్క చూసి ఆర్డర్ ఇవ్వకు. ఒక వరస పూర్తిగా పట్టే ముక్క అడిగి తెప్పించుకో, పగటి వెలుగులో చూడు. "ఏన్షెంట్", "మోడ్రన్" అనేవి బట్ట వయసు కాదు, ఒకే నమూనాకు లేత రంగులు, ముదురు రంగులు. టై, స్కార్ఫు, కిల్టు ఒకే నేతశాలలో, ఒకే రంగు వాయి నుంచి తీసుకోవాలి. వేర్వేరు చోట్ల కొంటే పక్కపక్కన పెట్టినప్పుడు పచ్చ పచ్చతో కలవదు.

కిల్టుకు గజానికి 13 నుంచి 16 ఔన్సుల ఉన్ని బట్ట కావాలి. పది ఔన్సులదైతే కుచ్చిళ్లు నిలవవు, గాలికి లేచిపోతుంది. ఎనిమిది గజాల కిల్టు అంటే 54 అంగుళాలు గానీ అంతకు మించి గానీ పన్నా ఉన్న బట్ట నాలుగు గజాలు. పొడవునా రెండుగా చీల్చి కలుపుతారు. నేత అంచే కిందికి వస్తుంది, మడిచి కుట్టరు. కుచ్చిళ్లు పెట్టినా వెనక గళ్ల వరస చెడకుండా ఉండేలా కుట్టమని చెప్పు, ప్రాంతపు టార్టన్‌కు అదే నప్పుతుంది. కొలతల్లో ప్యాంటు నడుము సైజు ఇవ్వవద్దు. కిల్టు బొడ్డు ఎత్తులో కట్టుకుంటారు, అక్కడ చుట్టుకొలత వేరు. టేపుతో బొడ్డు దగ్గర ఒకటి, పిరుదుల వెడల్పైన చోట ఒకటి తీయి. పొడవు ఎవరైనా తోడుండి తీయాలి, అల్లుడు తనంతట తాను వంగి చూస్తే కొలత తప్పుతుంది. అంచు మోకాలి చిప్ప పైభాగానికి రావాలి.

పారిష్ తేలగానే రాయి. నమూనా ముక్కలు వచ్చాక ఫోటో తీసి పంపకు, ఫోనులో ఆకుపచ్చ నీలంగా పడుతుంది. ఆ ముక్కలే కవర్లో పెట్టి పోస్టు చెయ్యి, చూసి చెబుతాను.

మీ మామయ్య