‘నీకు తెలియదులే నాన్నా, ఊరుకో’

ప్రశ్న: నేను తపాలా శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందాను. వయస్సు 64 సంవత్సరాలు. తెనాలి దగ్గర మా ఊళ్లో నేనూ నా భార్యా ఉంటున్నాము. మా అబ్బాయికి 27 ఏళ్లు, హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా నాన్నగారి ఎదుట మేము కుర్చీలో కూర్చునేవాళ్లము కాము. ఏది కావాలన్నా అమ్మ చేత అడిగించేవాళ్లము. మావాడు నన్ను ‘నువ్వు’ అంటాడు. నేను మాట్లాడుతుంటే ఫోను చూస్తాడు. ఉద్యోగం మారిన సంగతి వాళ్లమ్మకు చెప్పాడు, నాకు చెప్పలేదు. అంతకుముందు ఒకసారి మారినప్పుడు నేను కోప్పడి రెండు రోజులు అన్నం తినని మాట నిజమే. ఆరు వారాల క్రితం మా అన్నయ్య కూతురి నిశ్చితార్థంలో, కాబోయే వియ్యాలవారి ముందు నేను పొలం రిజిస్ట్రేషన్ గురించి చెబుతుంటే, ‘నీకు తెలియదులే నాన్నా, ఊరుకో’ అన్నాడు. అప్పటి నుంచి నేను వాడితో మాట్లాడడం లేదు. నిరుడు నాకు కంటిశుక్లం ఆపరేషన్ అయినప్పుడు వచ్చి ఉండి, ఫోనులో అలారం పెట్టుకుని చుక్కల మందు వేశాడు, కాదనను. కానీ ఈ తరం పిల్లలకు తల్లిదండ్రులంటే గౌరవం పోయిందని నాకు గట్టిగా అనిపిస్తోంది. వచ్చే ఆదివారం వాడు ఊరికి వస్తున్నాడట. నేను ఏమి చేయాలి?

జవాబు: మీకు కలిగిన బాధ న్యాయమైనదే. నలుగురిలో, అందులోనూ కొత్తగా కలుపుకోబోతున్న వియ్యాలవారి ముందు, కన్నకొడుకు నోట ‘ఊరుకో’ అన్న మాట వినవలసి వస్తే ఏ తండ్రికైనా తల కొట్టేసినట్లు ఉంటుంది. ఆ మాట తప్పు. దానికి నేను ఏ సమర్థనా చెప్పబోవడం లేదు. అయితే మీరు ఆ ఒక్క మాటతో పాటు మరి మూడు ఫిర్యాదులను కూడా ఒకే మూటగా కట్టి, దానికి ‘ఈ తరం’ అని పేరు పెట్టారు. ఆ మూట విప్పి ఒక్కొక్కటీ విడిగా చూడమని మిమ్మల్ని కోరుతున్నాను, ఎందుకంటే వాటిలో ఒకటి అసలు ఫిర్యాదే కాదు, ఒకదానిలో మీ పాలు కూడా ఉంది.

ముందుగా ‘నువ్వు’ సంగతి. మీ అమ్మగారిని మీరు ఏమని పిలిచేవారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీ వైపు చాలా ఇళ్లలో నాన్నను ‘మీరు’ అనీ అమ్మను ‘నువ్వు’ అనీ పిలవడం అలవాటు, ఆ కారణంగా అమ్మ మీద గౌరవం తక్కువని ఎవరూ అనుకోలేదు. తెలంగాణ పల్లెల్లోనూ రాయలసీమలోనూ ఎన్నో కుటుంబాల్లో తరతరాలుగా తండ్రిని కూడా ‘నువ్వు’ అనే అంటున్నారు. పొలం నుంచి వచ్చిన తండ్రిని ‘నాయినా, నువ్వు తిన్నవా?’ అని అడిగే కొడుకులో అగౌరవం వెతికితే అది వెతికేవారి పొరపాటే అవుతుంది. దేవుడి ఎదుట చేతులు జోడించి మనమందరమూ ‘నీవే దిక్కు’ అంటాము కదా! కాబట్టి ఈ ఫిర్యాదును మీరు పూర్తిగా విడిచిపెట్టవచ్చునని నా అభిప్రాయం.

ఉద్యోగం మారిన సంగతి మీకు చెప్పకపోవడం వేరే రకం. మీ నాన్నగారిని ఏదైనా అడగాలంటే అమ్మ చేత అడిగించేవాళ్లమని మీరు గౌరవానికి గుర్తుగా రాశారు. మీ అబ్బాయి చేసినదీ సరిగ్గా అదే: తండ్రికి కోపం వస్తుందని భయపడి తల్లికి చెప్పుకున్నాడు. మీ ఇంట్లో పాత పద్ధతి ఇంకా పోలేదనడానికే ఇది నిదర్శనం. మొదటిసారి నిజం చెప్పినందుకు మీరు రెండు రోజులు అన్నం మానేశారు. రెండోసారి అతడు ఆ దృశ్యాన్ని తప్పించుకున్నాడు. తండ్రి ఎదుట కుర్చీలో కూర్చోకూడని ఆ రోజుల్లో ఉన్న గౌరవంలో భయం పాలు ఎంతో, మీ నాన్నగారికి తెలియకుండా మీరూ మీ అన్నదమ్ములూ దాచిన సంగతులు ఎన్నో మీకు తెలుసు.

ఇక్కడ ఒక మాట కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీరు గడిపిన ఉద్యోగ జీవితమే దీనికి సాక్ష్యం. మీరు తపాలా శాఖలో చేరిన రోజుల్లో కొడుకులు రాసే ఉత్తరాలు ‘మహారాజశ్రీ నాన్నగారి పాదపద్మములకు నమస్కరించి వ్రాయునది’ అని మొదలయ్యేవి. అంతకంటె వినయమైన మాటలు ఏ భాషలోనూ ఉండవేమో. అదే రోజుల్లో, నెల మొదట్లో రావలసిన మనియార్డరు కోసం పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని, ‘మావాడి దగ్గర నుంచి ఏమైనా వచ్చిందా బాబూ?’ అని అడిగిన ముసలివాళ్లను మీరు చూసే ఉంటారు. రాలేదని చెప్పవలసిన రోజులూ మీకు వచ్చే ఉంటాయి. పాదపద్మములకు నమస్కరించిన కొడుకులలోనే పైకం పంపడం మానేసినవారూ ఉన్నారు. వృద్ధులైన తల్లిదండ్రులను పోషించే బాధ్యత కొడుకుల మీదా కూతుళ్ల మీదా ఉన్నదని 1956లోనే హిందూ దత్తత, మనోవర్తి చట్టంలో రాయవలసి వచ్చింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, తల్లిదండ్రులు మెజిస్ట్రేటును ఆశ్రయించి భరణం కోరే హక్కు చేర్చారు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. ఆనాటికి మీ అబ్బాయి చిన్న బడిలో చదువుకుంటూ ఉంటాడు. అంటే ఆ చట్టం అవసరమయ్యేలా చేసిన బిడ్డలు నా వయస్సువారు, మీ వయస్సువారు. తల్లిదండ్రులను చూడనివారు ఏ తరంలోనైనా ఉన్నారు, ఈ తరంలోనూ ఉన్నారు. కానీ పిల్లలు తండ్రి ఎదుట నిలబడిన తీరుకూ, ఆయనకు అవసరం వచ్చినప్పుడు ఆదుకున్న తీరుకూ మనం అనుకున్నంత సంబంధం ఎన్నడూ లేదు.

(మీ ఇంటి సమస్య అది కాదు. అయినా తిండి పెట్టకపోవడం, కొట్టడం, ఆస్తి రాయించుకుని పక్కన పెట్టడం వంటివి అనుభవిస్తున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, రెవెన్యూ డివిజనల్ అధికారి వద్ద ఉండే ట్రిబ్యునల్‌కు వారు స్వయంగా అర్జీ పెట్టుకోవచ్చునని, 14567 నంబరుకు ఉచితంగా ఫోను చేసి సలహా పొందవచ్చునని చెప్పడం నా విధి. అలాంటివి ఓర్చుకోవలసిన అవసరం లేదు.)

ఇక మీ ఉత్తరంలో నన్ను చాలాసేపు ఆపిన వాక్యం ఒకటి ఉంది. కంటి ఆపరేషన్ గురించి మీరు ఒక్క వాక్యం రాసి, చివర ‘కాదనను’ అని ముగించారు. శుక్లం తీసిన తరువాత చుక్కల మందు సాధారణంగా మొదటి వారం రోజుకు ఆరుసార్లు వేయమంటారు, ఆపైన వారం వారం తగ్గిస్తూ పోతారు. ఆరుసార్లంటే దాదాపు రెండున్నర గంటలకు ఒకసారి చేతులు కడుక్కుని, మీ తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో మెల్లగా లాగి, చుక్క లోపల పడిందో లేదో చూసి, చెంప మీదికి జారినది తుడవడం. రెండు రకాల మందులు ఉంటే మధ్యలో కొన్ని నిమిషాలు ఆగడం. ఆ పని చేస్తూనే అతడు తన ఉద్యోగమూ చేసుకుని ఉంటాడు. మీకు కోపం తెప్పిస్తున్న ఆ ఫోనే అప్పుడు అలారం మోగించింది. మీ నాన్నగారి ఎదుట మీరు కూర్చోలేదు. ఆయన కంటి రెప్పను వేలితో పట్టుకునేంత దగ్గరగా ఎప్పుడైనా వెళ్లగలిగారా? నిందగా అడగడం లేదు, నన్ను నేను కూడా వేసుకున్న ప్రశ్న ఇది. నేను వెళ్లలేకపోయాను, ఆ వెలితి నాకు ఇప్పటికీ ఉంది.

అయితే ఆ చనువులోనే ఒక ప్రమాదం కూడా ఉంది, నిశ్చితార్థం నాడు బయటపడినది అదే. ఇదివరకు తెలిసిన విషయాలు తండ్రి నుంచి కొడుకుకు వెళ్లేవి. ఇప్పుడు ఓటీపీ చెప్పడం, ఫోన్‌పేలో డబ్బు పంపడం, పింఛను కోసం నవంబరులో ఫోను ముందు ముఖం పెట్టి లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడం, ఇవన్నీ కొడుకు తండ్రికి నేర్పుతున్నాడు. ఒకటే సంగతి పదిసార్లు చెప్పవలసి వచ్చినప్పుడు అతడి గొంతులోకి విసుగు వస్తుంది, ‘నీకు తెలియదులే, ఇటివ్వు’ అని ఫోను తీసుకుంటాడు. ఫోను విషయంలో ఆ మాట నిజమే కాబట్టి ఎవరూ పట్టించుకోరు. కానీ నాలుకకు అలవాటైన మాట ఫోను దగ్గర ఆగదు. పొలం, పెళ్లి, అప్పు, ఆరోగ్యం, మీకు నలభై ఏళ్లుగా తెలిసిన విషయాలలోకి కూడా అది వచ్చేస్తుంది. ఈనాటి పిల్లలలో నిజంగా దిద్దవలసిన లోపం ఇదేనని నేను నమ్ముతున్నాను. వారికి ప్రేమ తక్కువ కాలేదు. తండ్రికి తెలిసిన దానిని తెలిసిన దానిగా ఒప్పుకునే ఓపిక తగ్గుతోంది. దీనిని చూసీ చూడనట్లు వదిలేయకూడదు.

కాని ఆరు వారాల మౌనంతో అది తెలియదు. మీ మౌనానికి కారణం ఆ మాటేనని అతడికి తెలుసునని మీరు అనుకుంటున్నారు. ఉద్యోగం సంగతి దాచినందుకు కోపమని అతడు అనుకుంటూ ఉండవచ్చు. మధ్యలో మీ శ్రీమతి గారు ‘నాన్న భోంచేశారు’, ‘అబ్బాయి అడిగాడు’ అంటూ ఇద్దరి మాటలూ మోస్తున్నారు. ఒకప్పుడు మీ అమ్మగారు మోసిన బరువునే ఇప్పుడు ఆవిడ మోస్తున్నారు, ఇక దింపించండి.

చెప్పేటప్పుడు ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి, అతడితోనే చెప్పండి. ‘మా కాలంలో’ అని మొదలుపెట్టకండి, ‘మీ తరం’ అనే మాట ఎత్తకండి. ఆ మాట వినగానే అతడు తన తరం తరఫున వాదించడం మొదలుపెడతాడు, మీ బాధ పక్కకు పోతుంది. ‘ఆ రోజు వియ్యాలవారి ముందు నువ్వు నన్ను ఊరుకోమన్నావు. నాకు చాలా సిగ్గనిపించింది. నేను పొరపాటు చెబితే తరువాత పక్కకు పిలిచి చెప్పు, దిద్దుకుంటాను. నలుగురిలో అనవద్దు.’ ఇంత చాలు. ఆ తరువాత ఆగి, అతడు చెప్పేది వినండి. క్షమాపణ చెప్పమని పట్టుబట్టకండి. అతడు తల దించుకుని ‘సరే’ అన్నా చాలు.

ఫోను విషయంలో మీరు ఒకటి గమనించాలి. మీకు రాత్రి భోజనం అయ్యాక కబుర్లు చెప్పడం అలవాటు అయితే, అమెరికా సంస్థలతో పనిచేసే పిల్లలకు ఆ సమయానికే అక్కడ ఉదయమై, ఆఫీసు పిలుపులు వస్తాయి. మీ అబ్బాయి పని వేళలు ఏమిటో అడిగి తెలుసుకోండి. ఆ వేళలు కాకుండా ఒక అరగంట మీకు ఇమ్మని, ఆ అరగంట ఫోను లోపల గదిలో పెట్టమని నేరుగా అడగండి. అడగడం తండ్రికి చిన్నతనం ఏమీ కాదు.

ఉద్యోగం సంగతి మాత్రం మీరే ముందుగా ఎత్తాలి. ‘కొత్త చోట ఎలా ఉంది?’ అని అడగండి. ఎందుకు చెప్పలేదని అడగకండి. ఆ కారణం మీ ఇద్దరికీ తెలిసినదే.

వచ్చే ఆదివారం అతడు రైలు దిగే వేళకు తెనాలి స్టేషనుకు మీరే వెళ్లండి. దారిలో నిశ్చితార్థం మాట వద్దు, కొత్త ఉద్యోగం గురించి మాత్రమే మాట్లాడండి. భోజనాలయ్యాక పెరట్లో రెండు కుర్చీలు వేయించి, అతడిని ఎదురుగా కూర్చోబెట్టుకుని మిగిలినది చెప్పండి.