మ్యాచ్ ఫీజు సరే, మోకాలు ఎవరి ఖర్చు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో రగ్బీ ప్రశ్నలే ఎక్కువ. బెంగళూరులో మన తెలుగువాళ్లు క్రికెట్, షటిల్ తప్ప ఇంకో ఆట గురించి అడగరనుకున్నాను, పొరబడ్డాను. నేను రగ్బీ ఆడినదాన్ని కాదు, యూనివర్సిటీకి హాకీ ఆడాను. కాకపోతే కొన్నేళ్లుగా ఆదివారం పొద్దున్నే ఒక అమ్మాయిల టీమ్ వెంట గ్రౌండ్‌కు వెళ్లి మోకాళ్లకీ చీలమండలకీ టేపు చుట్టే పని నాదే. ఆ మాత్రం అర్హతతోనే ఈ జవాబులు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. మాది అనంతపురం, పన్నెండేళ్లుగా మారతహళ్లిలో ఉంటున్నాం. మా అమ్మాయికి 24, సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. రెండేళ్లుగా రగ్బీ అంటూ వారానికి మూడు రోజులు ఒళ్లంతా మట్టితో ఇంటికొస్తోంది. ఇప్పుడు ఆడపిల్లలకు చిన్న లీగ్ పెడుతున్నారట, మ్యాచ్‌కు ఇంతని ఫీజు ఇస్తారట, ‘సెమీ ప్రొఫెషనల్ అమ్మా’ అంటూ ఉద్యోగం మానేస్తానంటోంది. పళ్లు ఊడితే? మోకాలు పోతే? రేపు సంబంధాలు చూడాలి. వాళ్ల నాన్న వారం నుంచి దాంతో మాట్లాడటం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, మారతహళ్లి

జవాబు: అక్కా, ముందు ఉద్యోగం సంగతి తేల్చేద్దాం. మానొద్దని చెప్పండి. ఆట వద్దనడం వేరు, జీతం వదలొద్దనడం వేరు, రెండూ కలిపి ఒకేసారి అరిస్తే పిల్ల రెండోది వినదు.

సెమీ ప్రొఫెషనల్ అంటే ఆట సగం అని కాదు. ప్రాక్టీసు పూర్తిగానే ఉంటుంది, దెబ్బలు పూర్తిగానే తగులుతాయి, డబ్బు మాత్రం సగమో పావో వస్తుంది. మిగతాది ఉద్యోగమో, అమ్మానాన్నలో, క్రెడిట్ కార్డో మోస్తుంటాయి. ఈ ఆటకు పుట్టిల్లు ఇంగ్లండ్, అక్కడా ఇదే కథ. 2017 ప్రపంచకప్‌కు ముందు అక్కడి రగ్బీ సంఘంవాళ్లు జాతీయ జట్టు ఆడవాళ్లకు పదిహేనుగురి ఆటకు (ఏడుగురి ఆట వేరే ఉంది) కాంట్రాక్టులిచ్చారు, కప్పు అవగానే ఆపేశారు, గొడవ జరిగింది, మళ్లీ 2019 జనవరిలో 28 మందికి ఫుల్‌టైమ్ కాంట్రాక్టులిచ్చారు. అలా తీసుకున్నవాళ్లలో షానా బ్రౌన్ అంతకుముందు అగ్నిమాపక దళంలో మంటలార్పే ఉద్యోగం చేసేది. ఇరవై ఎనిమిది మందికి సరే, అక్కడి క్లబ్బుల లీగ్‌లో వాళ్ల పక్కన నిలబడి ఆడే మిగతా అమ్మాయిలు మాత్రం స్కూల్లో పాఠాలు చెప్పో, ఆసుపత్రిలో డ్యూటీ చేసో సాయంత్రం ప్రాక్టీసుకు పరిగెత్తాల్సిందే. అక్కడే అలా ఉంటే ఇంకా మొదలే కాని మన లీగ్‌ను నమ్ముకుని జీతం వదులుకుంటుందా?

ఇక మోకాలు. మీరు భయపడాల్సింది పళ్ల గురించి కాదు, దీని గురించే. మోకాలి లోపల ఏసీఎల్ అనే నరంలాంటి కట్టు ఉంటుంది, ఆడపిల్లలకు అది తెగే అవకాశం మగపిల్లల కంటే ఎక్కువ. తెగితే ఆపరేషన్, ఆ పైన చాలామందికి తొమ్మిది నెలలకు తక్కువ కాకుండా ఫిజియోథెరపీ. మీ అమ్మాయికి కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉంటుంది కదా, పర్లేదనుకుంటున్నారేమో. ఆ పాలసీ కాగితం ఒకసారి తెప్పించి చదవండి. మన దేశంలో హెల్త్ పాలసీల్లో మామూలుగా కనపడే ఒక క్లాజు ఉంది: ప్రమాదకరమైన, సాహస క్రీడల్లో ‘ప్రొఫెషనల్‌గా’ పాల్గొని దెబ్బ తగిలితే ఆ వైద్యానికి డబ్బు రాదని. కింద జాబితాలో పారాచూట్ దూకుళ్లు, కొండలెక్కడం, రాఫ్టింగ్, కారు రేసులు ఉంటాయి. రగ్బీ పేరు ఉండదు, నిజమే, కానీ జాబితా ‘ఇవే కాకుండా’ అనే మాటతో నడుస్తుంది. ఇన్నాళ్లూ సరదాగా ఆడింది కాబట్టి ఎవరూ అడగలేదు. రేపు మ్యాచ్‌కు ఇంతని ఫీజు బ్యాంకు ఖాతాలో పడితే ఆమె ప్రొఫెషనలా కాదా? ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రొఫెషనల్‌లా కనబడటానికి ఆ డబ్బు చాలు, ఆపరేషన్ చేయించుకోవడానికి మాత్రం చాలదు! నన్నడిగితే ఈ సెమీ ప్రొఫెషనల్ అనే దశలో అసలు చిక్కంతా ఇక్కడే ఉంది, కానీ లీగ్ పెట్టేవాళ్లు జెర్సీ రంగు గురించి మాట్లాడినంత దీని గురించి మాట్లాడరు.

కాబట్టి సంతకం పెట్టే ముందు మీ అమ్మాయిని లీగ్‌వాళ్లకు మెయిల్ పెట్టమనండి. ఫోన్లో కాదు, మెయిల్లోనే. దెబ్బ తగిలితే ఏ పాలసీ, ఎంతవరకు, ఫిజియోథెరపీ కూడా అందులోనేనా, గ్రౌండ్‌లో ఆ రోజు డాక్టర్ ఉంటాడా. కంపెనీ హెచ్‌ఆర్‌ను కూడా రాతపూర్వకంగా అడగమనండి, బయట డబ్బు తీసుకుని ఆడొచ్చా, క్లెయిమ్‌కు ఇబ్బంది ఉంటుందా అని. మా టీమ్‌తో ఓ టోర్నమెంటుకు వెళ్లినప్పుడు ఫిజియో ఉంటాడని నోటిమాటగా చెప్పారు, తీరా వెళ్తే ఎవరూ లేరు. ముందు వరసలో ఆడే పిల్లకు భుజం జారింది. గేటు బయట చెరకు రసం బండాయన్ని బతిమాలి ఐసు గడ్డలు తెచ్చి, నా చున్నీలో మూటగట్టి భుజం మీద పెట్టి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. బిల్లు పిల్లలే చందాలేసుకుని కట్టారు.

పళ్ల విషయం తేలిక. మౌత్‌గార్డ్ అని దొరుకుతుంది, వేడినీళ్లలో ముంచి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని గట్టిగా కొరికితే పళ్ల ఆకారానికి అచ్చు పడుతుంది. మా పిల్లలు గ్రౌండ్ పక్కన టీ కొట్లో గాజు గ్లాసు అడిగి తీసుకుని అందులోనే ముంచుతారు, ఆయన పాపం ఆ గ్లాసు పక్కన పెట్టేశాడు, ఇంకెవరికీ టీ పొయ్యడు.

సంబంధాల మాట. ఇంగ్లండ్ జట్టులో ఆడే ఆబీ వార్డ్ 2023లో కూతురు పుట్టిన 17 వారాలకే మళ్లీ మ్యాచ్ ఆడింది. అదే ఏడాది అక్కడి రగ్బీ సంఘం కాంట్రాక్టున్నవాళ్లకు 26 వారాలు పూర్తి జీతంతో ప్రసూతి సెలవు పెట్టింది. మన పిల్ల కూడా అలాగే చెయ్యాలని కాదు, పెళ్లితోనే ఆట అయిపోవాలన్న రూలేమీ లేదని చెప్పడానికి. వాళ్ల నాన్నగారిని ఒక ఆదివారం గ్రౌండ్‌కు తీసుకెళ్లండి. మాట్లాడకపోయినా సరే, చూడనివ్వండి.

ప్రశ్న: మేడమ్, ప్రపంచకప్ ఫైనల్ చూశాక ఇంగ్లండ్ మహిళల లీగ్ మ్యాచ్‌లకు అలవాటు పడ్డాను. ఫైనల్‌కు అంత జనం, లీగ్‌లో మాత్రం గ్యాలరీలు ఖాళీ. పైగా కొన్ని మ్యాచ్‌లు మరీ ఏకపక్షం. ఈ లీగ్ నిలుస్తుందా?
– బెళ్లందూర్ నుంచి ఒక అభిమాని

జవాబు: తమ్ముడూ, 2025 సెప్టెంబరు 27న ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ కెనడాను 33-13తో ఓడించినప్పుడు స్టేడియంలో 81,885 మంది ఉన్నారు. తిరనాళ్లకు వచ్చిన జనమంతా మర్నాడు గుడికి రారు కదా, లీగ్ సంగతీ అంతే.

జనం ఎలా వస్తారో లీగ్‌కు ఒకసారి తెలిసొచ్చింది. అమెరికా అమ్మాయి ఇలోనా మార్, సోషల్ మీడియాలో లక్షల మంది అనుచరులున్న ఆటగత్తె, బ్రిస్టల్ జట్టులో చేరింది. 2025 జనవరిలో ఆమె మొదటి మ్యాచ్‌కు మామూలు గ్రౌండ్ చాలదని పెద్ద స్టేడియం ఆష్టన్ గేట్‌కు మార్చారు, 9,240 మంది వచ్చారు, లీగ్ మ్యాచ్‌కు అది అప్పటికి రికార్డు. బావుంది. కానీ ఆమె ఉన్నది కొన్ని నెలలే. హీరో కోసం వచ్చినవాళ్లలో ఎంతమంది సినిమా కోసం ఉండిపోతారనేదే ప్రశ్న, అందుకు క్లబ్బుల దగ్గర ఇంకా జవాబు లేదు.

ఏకపక్షం ఎందుకంటే, ఒకే మైదానంలో దేశం జీతం మీద రోజంతా శిక్షణ తీసుకునే అమ్మాయీ, మధ్యాహ్నం షిఫ్ట్ దిగొచ్చిన అమ్మాయీ ఎదురెదురుగా నిలబడుతున్నారు. జీతమున్నవాళ్లు నాలుగైదు క్లబ్బుల్లోనే పోగైతే మిగతా జట్ల పని అంతే. పరుగు సంగతి ఎలాగోలా, స్క్రమ్‌లో ఎనిమిది మంది ఎనిమిది మందిని నెట్టే చోట ఆ తేడా దాచినా దాగదు. డీఎంపీ డరమ్ షార్క్స్ అనే ఉత్తరాది జట్టు సీజన్లకు సీజన్లు భారీ తేడాలతో ఓడి, 2023లో లీగ్‌లో చోటే పోగొట్టుకుంది. గ్లాస్టర్-హార్ట్‌పురీ మాత్రం 2023 నుంచి వరసగా మూడుసార్లు లీగ్ గెలిచింది. గెలిచే జట్టు ఒక కాలేజీతో కలిసి నడిచేది కావడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు, హాస్టలూ జిమ్మూ గ్రౌండూ ఒకే గేటులో ఉంటే ప్రయాణానికే రోజు అయిపోదు. సిల్క్ బోర్డు జంక్షన్‌లో సాయంత్రం ఇరుక్కున్నవాడివి, నీకు వివరించక్కర్లేదనుకుంటా.

ఇంకో ప్రమాదం ఉంది. వోర్స్టర్‌లో మగవాళ్ల క్లబ్బు 2022లో దివాలా తీసింది. ఆడవాళ్ల జట్టు వేరే డబ్బుతో ఓ ఏడాది ఈదుకొచ్చింది, 2023 అక్టోబరులో, సరిగ్గా సీజన్‌కు ముందు, చేతులెత్తేసింది. ఆ అమ్మాయిలు ఏ మ్యాచ్ ఓడిపోయారని? అన్నగారి అప్పుకు చెల్లెలి నగలు పోయినట్టయింది. ఆ సీజన్ తొమ్మిది జట్లతోనే నడిచింది.

అయినా నిలుస్తుందనే నా లెక్క. ఫైనల్లో ఓడిన కెనడానే చూడు, ప్రపంచకప్ సన్నాహాలకు డబ్బు చాలక జనం దగ్గర చందాలు అడిగారు, పది లక్షల కెనడా డాలర్లు లక్ష్యంగా. పోగయ్యాయి కూడా. సెమీస్‌లో న్యూజిలాండ్‌ను ఓడించారు. ఆ జట్టులోని సోఫీ డి గూడీ ఆ ఏటి ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి, ఆడేది ఇంగ్లండ్ లీగ్‌లో శారసెన్స్‌కు. నువ్వు ఖాళీ గ్యాలరీలంటున్న ఆ మ్యాచ్‌ల్లోనే ఆమె రాటుదేలింది. మరీ ఏకపక్షంగా ఉన్న రోజు స్కోరు వదిలేసి ఓడుతున్న జట్టులో అంచున పరిగెత్తే పద్నాలుగో నంబరును చూస్తుండు, మజా వస్తుంది.

ప్రశ్న: అక్కా, పోయిన ఆదివారం మ్యాచ్‌లో ఎదుటి అమ్మాయి మోకాలు నా తలకు తగిలింది. కాసేపు కళ్లు తిరిగాయి, రాత్రి వాంతి అయింది, ఇప్పుడు బాగానే ఉన్నాను. ఈ ఆదివారం ఫైనల్. బెంచీ మీద ఒక్కరే ఉన్నారు, నేను రాకపోతే టీమ్ దిగడమే కష్టం అంటున్నారు. ఆడొచ్చా?
– పేరు వద్దు, బెంగళూరు

జవాబు: వద్దు చెల్లీ. ఇది చదివేసరికి నువ్వు ఇంకా డాక్టర్ దగ్గరికి వెళ్లకపోయి ఉంటే ఇప్పుడే వెళ్లు, తలకు దెబ్బ తగిలి వాంతి అయితే అది అజీర్తి కాదు. మొదటి రెండు రోజులు ల్యాప్‌టాప్, ఫోన్ తగ్గించి విశ్రాంతి తీసుకోమంటారు, నువ్వేమో సోమవారమే లాగిన్ అయ్యుంటావ్. ఇంగ్లండ్‌లో క్లబ్బు స్థాయి ఆటకు రూలు ఏంటంటే, తల దెబ్బ తర్వాత ఎంత బాగున్నా 21వ రోజుకు ముందు మ్యాచ్ లేదు, అది కూడా లక్షణాలన్నీ పోయి, మెల్లగా మెట్టు మెట్టుగా ప్రాక్టీసు చేశాకే. ఒక దెబ్బ మానకముందే రెండో దెబ్బ తగలడం చాలా ప్రమాదం. టీమ్‌లో మనుషులు తక్కువగా ఉండటం నీ తప్పు కాదు, లీగ్ పెట్టినవాళ్లు కనీసం ఇంతమంది ఉండాలని అడగకపోవడం వాళ్ల తప్పు. ‘నువ్వు రాకపోతే ఎలా’ అన్నవాళ్లకు ఈ పేజీ ఫొటో తీసి పంపు.

ప్రశ్న: మేడమ్ గారూ, మాది చిత్తూరు జిల్లా. పీణ్యలో గార్మెంట్స్‌లో టైలర్‌గా చేస్తున్నాను, వయసు 22. స్కూల్లో కబడ్డీ బాగా ఆడేదాన్ని. మా హాస్టల్ దగ్గర ఆదివారం అమ్మాయిలు రగ్బీ ఆడుతుంటే చూశాను. నాలాంటివాళ్లను రానిస్తారా? ఖర్చు ఎంత?
– పీణ్య

జవాబు: రానివ్వకపోవడమా, చెయ్యి పట్టుకుని లాక్కెళ్తారు! కబడ్డీ ఆడినవాళ్లకు అవతలి మనిషి మీద పడటానికి భయం ఉండదు, రగ్బీలో కొత్తవాళ్లకు నేర్పడానికి కష్టమైంది అదే. ఒకటి గుర్తుంచుకో, ఇక్కడ భుజాల కంటే పైన పట్టుకోకూడదు, కాలు అడ్డుపెట్టి పడేయకూడదు, రెండు చేతులతో చుట్టి పట్టుకోవాలి. చీలమండ దగ్గర చేతులతో పట్టుకుంటే మాత్రం ఒప్పే, నీ కబడ్డీ పట్టు అక్కరకొస్తుంది. ముందు ఏడుగురి ఆటతో మొదలుపెట్టు, సగానికి ఏడేసి నిమిషాలు. ఒలింపిక్స్‌లో ఉన్నది అదే కాబట్టి మన దేశంలో ఎక్కువగా ఆడించేదీ అదే. పదిహేనుగురి ఆటలో మన అమ్మాయిలు దేశం తరఫున మొదటిసారి దిగింది 2018లో, మొదటి గెలుపు 2019లో మనీలాలో, సింగపూర్ మీద 21-19.

ఖర్చంటావా, మొదటి నెల బూట్లు కొనొద్దు, ఎవరో ఒకరి పాతవి సరిపోతాయి. మౌత్‌గార్డ్ మాత్రం నీదే కొనుక్కో, అది అరువు తెచ్చుకునే వస్తువు కాదు. ఇంకో మాట, నీ జీతంలో ఈఎస్‌ఐ కోస్తున్నారు కదా? జీతం చీటీలో చూసుకో. పైన మారతహళ్లి అక్కకు ఇన్సూరెన్స్ గురించి ఇంత రాశాను గానీ, నీకు దెబ్బ తగిలితే ఈఎస్‌ఐ ఆసుపత్రిలో వైద్యం ఉంటుంది, ఈఎస్‌ఐకి చందా కట్టిన రోజులు సరిపోయి ఉంటే పనికి పోలేని రోజులకు సగటు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. ఆదివారం వెళ్లేటప్పుడు ఆ కార్డు బ్యాగులో వేసుకో.